కాదనడం నేర్పిన క్లాసు

మన తెలుగు వాళ్ళ పిల్ల దుర్గ కొత్తగా ఒక స్కూల్లో టీచరుగా చేరుతోంది. మొన్న మా ఇంటికి వచ్చి, నా మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. "తాతా, సయామ జాబ్ అంతే నాకు బయ్యిమేస్తోంది. ఫస్ట్ రోజు క్లాసులో ఏటి సెయ్యాల?" అని అడిగింది. సయామ అంటే బర్మా భాషలో పంతులమ్మ. మగవాణ్ణి కనక నేను సయా. ఈ రంగూన్లో నా వయసులో ఎక్కువ భాగం ఆ పిలుపుకి పలుకుతూనే గడిచిపోయింది.

దానికి ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. "భయపడకు, అందరికీ అలాగే ఉంటుంది" అని ఏదో అన్నాను. అది కూడా తల ఊపి, టీ తాగి వెళ్ళిపోయింది. అది వెళ్ళాక నా మీద నాకే చిరాకు వేసింది. ఇంతకాలం పాఠాలు చెప్పిన వాడివి, ఒక చిన్నపిల్లకి చెప్పడానికి నీ దగ్గర ఇంతేనా అనిపించింది. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఏ ఆర్డరు మీద ఎవరు సంతకం పెట్టారు వగైరాలు ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు. ఒక క్లాసు గురించి మాత్రం చెప్తాను. నాకు ఉద్యోగం అంటే అదే.

ఎవరికీ అక్కర్లేని పేపరు

సైన్యం వచ్చి శాసనసభను మూసేసిన తరవాతి సంవత్సరాలవి. పెద్ద దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. మా అన్నయ్య బట్టల కొట్టుకి కూడా ఒక నెంబరు రాసి బోర్డు తగిలించారు. అన్నయ్య, వదిన, పిల్లలు ఓడెక్కి విశాఖ వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం కదలలేదు. "మీ నాన్నని ఈ మన్నులోనే కలిపినారు. నానెక్కడికీ రాను, మీరెల్లండి" అని గుమ్మంలో కూర్చుండిపోయింది. నాకు ఇక్కడే పుట్టినట్టు పౌరసత్వపు కాగితం ఉంది, ఒక సాయంత్రం కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం ఉంది. అందుకని నేను అమ్మతో ఉండిపోయాను. ఇల్లు నా జీతం మీదే నడిచేది. ఇంకో ఆధారం లేదు.

కాలేజీ హాజరు పట్టీలో నా పేరు ఊ టున్ షెయిన్; ఊ, కో, మ అన్నవి బర్మా పేర్ల ముందు మన గారు, అన్న, అమ్మాయి లాంటి మాటలు. ఇంట్లో సూర్నారాయణ. ఎన్ని పేర్లు పెట్టుకున్నా మొహం మారదు కదా! ఏ ఆఫీసుకి వెళ్ళినా ముందు మొహం చూసేవాళ్ళు, తరవాత కాగితం చూసేవాళ్ళు. దానికి నేను అలవాటు పడ్డాను గాని, ఒక్క ఫిర్యాదు చాలు మనం రోడ్డు మీద పడడానికి అన్న సంగతి మాత్రం ఎప్పుడూ మరచిపోలేదు.

మా శాఖకి పెద్ద ఊ సాన్ మ్యా. ఆయన్ని అందరం సయాజీ అనేవాళ్ళం, అంటే పెద్ద గురువుగారు. సన్నగా, తెల్లగా, కళ్ళద్దాలు తుడుచుకుంటూ మాట్లాడే మనిషి. ఆ ఏడు ఎవరు ఏ పేపరు పాఠం చెప్పాలో పంచుతుంటే తలా ఒక క్షేమమైన పేపరు ఏరుకున్నారు. పురాతన బర్మా రాజులు ఒకరికి, చైనా రాజవంశాలు ఒకరికి. చివరికి బల్ల మీద ఒకటి మిగిలింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో అమెరికా రాష్ట్రాల శాసనసభలు ప్రజల సొమ్మును ఎలా ఖర్చు పెట్టాయి అన్నది దాని విషయం. అందరూ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. శాసనసభ అన్న మాటే వినపడకూడని రోజుల్లో ఆ పేపరు పాఠ్యప్రణాళికలో ఎలా మిగిలిపోయిందో దేవుడికే తెలియాలి. ఎవరూ చదివి ఉండరు.

"ఊ టున్ షెయిన్, నువ్వు చెప్తావా?" అన్నారు సయాజీ కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

చెప్పనని అనే స్థితిలో నేను లేను. చెప్తానన్నాను.

డబ్బు ఎవరిది?

మా పిల్లలంటే పిల్లలు కారు. పగలంతా ఉద్యోగాలు చేసి సాయంత్రం చదువుకోవడానికి వచ్చేవాళ్ళు. సేక్కాన్ రేవులో సరుకు లెక్కలు రాసే గుమస్తా కో బ సెయిన్ నాకంటే పెద్దవాడు, జుట్టు నెరుస్తోంది. టెలిఫోన్ ఎక్స్చేంజీలో పనిచేసే మ ఖిన్ న్యో అని ఒక అమ్మాయి ఉండేది. ఎంత మెల్లగా మాట్లాడేదంటే హాజరు పిలిస్తే పలికిందో లేదో పక్కవాళ్ళని అడిగి తెలుసుకోవలసి వచ్చేది. వచ్చేసరికే అందరి కళ్ళూ ఎర్రగా ఉండేవి. నేను నోట్సు చదివేవాణ్ణి, వాళ్ళు రాసుకునేవాళ్ళు. ఫ్యాను తిరిగేది. నాకే నిద్ర వచ్చేది.

ఒకరోజు ముందు కథగా, స్వాతంత్ర్యం రాకముందు మసాచుసెట్స్ సంగతి చెప్తున్నాను. ఇంగ్లండు రాజు పంపిన గవర్నరు తనకి శాశ్వతంగా జీతం ఏర్పాటు చెయ్యమంటాడు. సభ చెయ్యనంటుంది. ఏ ఏటికా ఏడు చూసి, బుద్ధిగా ఉంటే ఇస్తామంటుంది. గవర్నరు అలుగుతాడు, బెదిరిస్తాడు. వాళ్ళు కదలరు. ఇది చెప్తుంటే కో బ సెయిన్ కలం పక్కన పెట్టి లేచాడు.

"సయా, తప్పుగా అనుకోకండి. మా డబ్బు, మా డబ్బు అని ఈ సభవాళ్ళు ఎందుకలా అరుస్తున్నారు? ఖజానాలో పడ్డాక అది ప్రభుత్వం డబ్బే కదా?"

ఎగతాళి కాదు. నిజంగానే తెలియక అడిగాడు. క్లాసంతా నా వైపు చూసింది. ఆ రోజు నాకు మెలకువ వచ్చిందంటే నమ్మండి. ఇన్నాళ్ళూ నేను చెప్పినదంతా గాలికి పోయింది, అసలు మొదటి మెట్టే వీళ్ళకి లేదు అని తెలిసింది. దాన్ని నోట్సుతో చెప్పడం నా వల్ల కాదని కూడా తెలిసింది.

మర్నాటి నుంచి బల్లలు గుండ్రంగా వేయించాను. మీరు కనెటికట్ రాష్ట్ర శాసనసభ అన్నాను. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఊరు ఇచ్చాను. ఆ రాష్ట్రానికి పడమటి భూములు అమ్మితే పెద్ద మొత్తం రాబోతోంది. దాన్ని చర్చి పాస్టర్లకి ఇవ్వాలా, బడులకి ఇవ్వాలా అని నిజంగానే అక్కడ పెద్ద గొడవ జరిగింది. సభ మొదట పాస్టర్లకీ వాటా అంది. జనం ఊరుకోలేదు. చివరికి బడులకని తేలింది. ఆ గొడవ పుస్తకంలో ఎలా ఉందో చెప్పకుండా, మీరే తేల్చండి అన్నాను. పాస్టరు ఒకడు, బడిపంతులు ఒకడు, వంతెన అడిగేవాడు ఒకడు, యుద్ధంలో భర్త పోయిన వితంతువు ఒకామె. అందరూ అర్జీలు పెట్టుకోవాలి, సభ ఓటు వెయ్యాలి.

అందరికీ ఔను

అబ్బ, ఆ మొదటి సభ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. పాస్టరు వేషం నేను పోయి పోయి కో బ సెయిన్‌కి ఇచ్చాను. అసలే వయసులో పెద్దవాడు, పైగా దేవుడి పేరు చెప్పి అడుగుతున్నాడు. బర్మా వాళ్ళు పగోడాకి ఇచ్చాకే ఇంట్లో పొయ్యి వెలిగించుకునే మనుషులు. అందరి చేతులూ లేచాయి. సరే, తరవాత వంతెన అడిగినవాడు ఎంతో దీనంగా అడిగాడు. పాపం, వాడి మొహం చూసి మళ్ళీ అందరి చేతులూ లేచాయి. బడికి లేచాయి. వితంతువుకైతే కొందరు రెండు చేతులూ ఎత్తారు. ఖజానా ఎప్పుడో ఖాళీ. రాష్ట్రం దివాలా తీసింది.

"ఇదేమిటి, లేని డబ్బు ఎలా ఇచ్చారు?" అని అడిగాను.

"తెలుసు సయా. కానీ ఎదురుగా నిలబడి అడిగిన మనిషిని కాదని ఎలా అంటాం?" అంది ఒకమ్మాయి. అందరూ ఔనౌనని తలలూపారు.

మన మొహమాటం దీని ముందు ఎందుకూ పనికిరాదు. మనం మొహమాటపడి ఔనంటాం గాని, ఇంటికొచ్చి తిట్టుకుంటాం. వాళ్ళు తిట్టుకోరు కూడా. ఎదుటివాడి మనసు కష్టపెట్టడం పాపమని వాళ్ళకి చిన్నప్పుడే ఉగ్గుపాలతో పోస్తారు. నాకు వాళ్ళలో ఎంతో నచ్చిన గుణం అది. ప్రజల సొమ్ము దగ్గర మాత్రం అదే గుణం కొంప ముంచుతుంది. అడిగినవాడిని కాదనలేకపోతే సభ ఎందుకు, ఒక కుండ పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండంటే సరిపోతుంది కదా! వారం తరవాత వారం కనెటికట్ దివాలా తీస్తూనే ఉంది.

మన కోవెల సభ

ఇక మన వాళ్ళ సంగతి. ఓడలెక్కి వెళ్ళిపోయిన కుటుంబాలు, ప్రభుత్వం తీసుకెళ్ళనివ్వని డబ్బు కొంత మన కోవెలకి ఇచ్చి వెళ్ళాయి. అది ఇనప్పెట్టెలో ఉండేది. దానితో కోవెల గోడలకి రంగు వెయ్యాలా, పిల్లలకి తెలుగు బడి పెట్టాలా అని ఆదివారం పొద్దున్న సభ. పప్పుల దుకాణం దండాసి మావ పెద్ద. నేను కాలేజీలో సభ నడిపిస్తున్న ధీమాతో వెళ్ళి, "మావా, ఒక్కొక్కరినీ అడిగి ఓటు పెడదాం" అన్నాను.

"ఓటేటి? బడంతే నానొప్పుకోను" అన్నాడు దండాసి మావ.

"పోనీ రంగు వేద్దామా?"

"రంగంతే ఆడొప్పుకోడు. ఆడొప్పుకుంతే నానొప్పుకోను. నువ్వు సదువుకున్నోడివి, నడమ దూరకు" అన్నాడు ఎదుటి వరసలో వాణ్ణి చూపిస్తూ.

అక్కడ కాదనలేని వాళ్ళు, ఇక్కడ ఔననలేని వాళ్ళు. నా తలరాత! ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ, "ఓరి నాయనలారా, తగువు తరవాత, పెట్టి తాళం ఎవుల దగ్గరుందో అది సూసుకోండి ముందు" అని అరిచింది. ఎవరూ వినలేదు. అలా ప్రతి ఆదివారం వాదించుకుంటూనే ఉన్నారు. ఒకరోజు పెద్ద నోట్లు చెల్లవని ప్రభుత్వం చెప్పింది. పెట్టెలో ఉన్నవి అవే. గోడలకి రంగూ లేదు, పిల్లలకి బడీ లేదు. ఆ రోజు దండాసి మావ కోవెల మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. దుర్గకి ఈ రాత నేనే చదివి వినిపించాలి; దానికి తెలుగు చదవడం రాదంటే అందులో ఆ పెట్టె పాపం కొంత ఉంది.

ఊళ్ళో అడిగి చెప్తాం

క్లాసుకి దారి చూపించింది మాత్రం మ ఖిన్ న్యో. ఒక సాయంత్రం పాస్టరు అర్జీ మళ్ళీ వచ్చింది. అందరూ చేతులెత్తబోతుంటే ఆ అమ్మాయి లేచి, ఆ వినపడని గొంతుతోనే, "పాస్టరు గారూ, మీకు ఇవ్వాలనే మాకూ ఉంది. కానీ ఈ డబ్బు మాది కాదు కదండీ. మా ఊరి వాళ్ళని అడిగి చెప్తాం" అంది.

క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. ఎవరి మనసూ నొప్పించకుండా ఎలా ఆపవచ్చో దొరికింది వాళ్ళకి. నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఎందుకంటే మసాచుసెట్స్‌లో ఊళ్ళవాళ్ళు తమ ప్రతినిధికి ఏం చెప్పాలో చెప్పి మరీ సభకి పంపేవాళ్ళు. దాని గురించి నేను ఇంకా చెప్పనేలేదు. ఈ పిల్ల తనంతట తనే అక్కడికి చేరింది.

"ఇది నీకెలా తోచింది?" అని అడిగాను.

"ఎక్స్చేంజీలో పెద్ద పెద్ద వాళ్ళు ఫోన్ చేసి ఇప్పుడే లైను కలపమంటారు సయా. ఖాళీ ఉండదు. లేదంటే కోపం. చూసి చెప్తానండీ అంటే ఆగుతారు" అంది.

అప్పటినుంచి క్లాసు మారిపోయింది. ఊళ్ళో అడిగి చెప్తాం అన్నాక, నిజంగానే ఊరు ఏమంటుందో ఆలోచించడం మొదలుపెట్టారు. వంతెన మీద ఎవరు నడుస్తారు, దూరపు ఊరివాడు దానికెందుకు పన్ను కట్టాలి, పాస్టరుకి ఇస్తే వేరే చర్చికి వెళ్ళేవాడి సంగతేమిటి. ఒకరోజు కో బ సెయిన్ లేచి, "నాది సముద్రం పక్క ఊరు. మా వాళ్ళకి రేవు కావాలి గాని చర్చి గంట అక్కర్లేదు" అన్నాడు. తన పాస్టరు వేషానికే ఎదురు మాట్లాడాడు! క్లాసు గొల్లుమంది. బయట నుంచి మిగతా సయాలు తొంగి చూసేవాళ్ళు. సాయంత్రం అలసిపోయి వచ్చిన మనుషులు గంట కొట్టినా లేచేవాళ్ళు కాదు. కింద టీ దుకాణంలో కూడా కనెటికట్ గొడవే. నా ఉద్యోగంలో అంత సుఖపడిన రోజులు మళ్ళీ లేవు. ఆ బల్లలు, ఆ ఫ్యాను చప్పుడు, రేవు నుంచి వచ్చే ఓడ కూత, అన్నీ ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

కాదు అని మాత్రం ఎవరూ అనలేదు. అడిగి చెప్తాం దగ్గరే ఆగారు. పోనీలే, అక్కడిదాకా వచ్చారు చాలు అనుకున్నాను.

మేజరు

పనికిరాని పేపర్లు ఏరివెయ్యడానికి ఒక కమిటీ వస్తుందని తెలిసింది. మింగళాడోన్ సైనిక స్థావరం నుంచి ఒక మేజరు వస్తారట. సయాజీ నన్ను పిలిచి, "ఆ రోజు బోర్డు మీద పాఠం చెప్పు. బల్లలు వరసగా వేయించు. సభ లేదు, గిభ లేదు" అన్నారు. సరేనన్నాను. బల్లలు వరసగా వేయించాను.

మేజరు వచ్చారు. నల్లగా, ఉల్లాసంగా ఉన్న మనిషి. వెనక తలుపు దగ్గర సయాజీ నిలబడ్డారు. నేను సుద్ద తీసి రెండు ముక్కలు రాశానో లేదో, "మీ క్లాసులో పార్లమెంటు ఆట ఆడతారట కదా, నాకూ చూపించండి" అన్నారు మేజరు. సుద్ద బల్ల మీద పెట్టేశాను. సయాజీ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"చరిత్ర పాఠంలో చిన్న అభ్యాసమండీ" అన్నాను.

"అయితే నేనే గవర్నర్ని" అని ఆయన నవ్వుతూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. "నాకు మంచి ఇల్లు కావాలి. మీ ఖజానాలోంచి కట్టించండి. ఏమంటారు?"

ఔనని చేతులెత్తేస్తే ఆ పూట గడిచిపోతుంది. ఎత్తండర్రా, ఎత్తండి, మీకు అలవాటేగా అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. మ ఖిన్ న్యో లేచి నిలబడింది.

"గవర్నరు గారూ, మీకు మంచి ఇల్లుండాలని మాకూ ఉంది. కానీ ఈ డబ్బు మా ఊళ్ళ వాళ్ళది. వాళ్ళని అడిగి చెప్తాం."

"ఎప్పటికి?"

"దారిలో మంచు ఉందండి. కరిగాక బయల్దేరతాం."

మంచు మొహం చూసిన వాడు ఆ గదిలో లేడు. అందరూ నవ్వారు. మేజరు కూడా నవ్వారు. హమ్మయ్య అనుకున్నాను.

"మరి నేను ఆగలేనంటే?" అన్నారాయన.

ఆ పిల్ల గొంతులో ధిక్కారమేమీ లేదు, ఫోన్లో జవాబిచ్చినంత మెత్తగా, "ఆగలేనివాళ్ళు మమ్మల్ని అడగరు కదండీ" అంది.

నవ్వు ఆగిపోయింది. మేజరు లేచి టోపీ పెట్టుకున్నారు. "బాగా నేర్పారు, సయా" అని నాతో అని వెళ్ళిపోయారు. అది మెప్పో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.

సయాజీ గది

కొద్ది రోజులకి సయాజీ పిలిచారు. తలుపు తనే లేచి మూశారు. "పేపరు తీసేశారు. అది పోనీ. ఆ సభ ఎవరు మొదలుపెట్టారని అడుగుతున్నారు. విద్యార్థుల కాలక్షేపం, సయా దాన్ని మూయించేస్తున్నాడని చెప్పాను. నువ్వు వెళ్ళి ఓటు పెట్టించు. మూసేద్దామని వాళ్ళే ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని రాస్తాను. ఫైలు అక్కడితో ఆగుతుంది. లేకపోతే..." అని ఆపేశారు. నా మొహం చూశారు. ఆ మొహానికి లేకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"నీ ఉద్యోగం సంగతి వాళ్ళకి చెప్పు. ఒక్కరూ కాదనరు" అన్నారు.

ఆయన్ని నేను పిరికివాడనేవాణ్ణి. పిరికివాడే. అయినా ఆ పూట నాకోసం అబద్ధం రాయడానికి సిద్ధపడ్డారు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియదు. కొత్తగా చేరే టీచర్లు మీరు త్వరగా తెలుసుకోండి, మీ పైవాళ్ళతో పని సులువవుతుంది.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను.

"ఉజ్జోగం ఉంతాదా, పోతాదా? అది సెప్పు" అంది.

"పిల్లలు ఔనంటే ఉంటుందమ్మా."

"మరడుగు. అమ్మ ముసిల్ది, ఉజ్జోగం పోతే తిండుండదని ఆల్లకి సెప్పు."

"అలా చెప్తే మొహమాటపడి ఔనంటారు."

"ఓరి నీ తెలివి తెల్లారిపోనూ, అదే కదరా మనకి గావాల్సింది!"

అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? నాకు మాత్రం అన్నం దిగలేదు. వాళ్ళ మొహమాటం పోగొట్టడానికే కదా ఇన్నాళ్ళు తంటాలు పడ్డాను, ఇప్పుడు నా అవసరానికి దాన్నే వాడుకుంటే నేను చెప్పినదంతా ఏమైనట్టు? దుర్గమ్మా, నీకు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. నువ్వు చెప్పిన పాఠం నీకే అడ్డం తగిలే రోజు ఒకటి తప్పకుండా వస్తుంది. ఆ రోజు ఏం చెయ్యాలో ముందుగా ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. నేనేం చేశానో చెప్తాను.

ఓటు

ఆఖరి క్లాసు. బల్లలు మళ్ళీ గుండ్రంగా వేశారు వాళ్ళే. నేను నిలబడి తీర్మానం చదివాను. ఈ క్లాసులో సభ నడపడం ఈ రోజుతో ముగించాలి, అంతే. ఉద్యోగం మాట ఎత్తలేదు, సయాజీ మాట ఎత్తలేదు, అమ్మ మాట ఎత్తలేదు.

కో బ సెయిన్ లేచాడు. చేతులు ముందుకు కట్టుకుని, తల వంచి, "సయా, ఒక్క సంగతి అడగాలి. ఇది మీ కోరికా, తీర్మానమా? కోరికైతే ఇప్పుడే ఔనంటాం. మీరు అడిగితే మేం కాదనం" అన్నాడు.

కోరిక అంటే చాలు. అబద్ధం కూడా కాదు, నిజంగా నా కోరికే. అమ్మ కళ్ళముందు కనిపించింది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"తీర్మానమే" అన్నాను.

"అయితే మాట్లాడుకోవచ్చా?" అన్నాడు.

"మాట్లాడుకోండి."

మాట్లాడుకున్నారు. పేపరు పోతే పోయింది, టీ దుకాణంలో కూర్చుందాం అన్నాడొకడు. భయంగా ఉంది, మూసేద్దాం అంది ఒకమ్మాయి, తరవాత తనే మూయొద్దంది. ఊళ్ళో అడిగి చెప్తామని మాత్రం ఎవరూ అనలేదు. నేను వేచి చూశాను, ఆ మాట వస్తుందేమోనని. రాలేదు.

"ఔననే వాళ్ళు చేతులెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

"కాదనే వాళ్ళు."

మొదట మ ఖిన్ న్యో చెయ్యి లేచింది. సయా కళ్ళలోకి చూడడం అపచారమని తల దించుకునే ఉంది, చెయ్యి మాత్రం నిటారుగా ఉంది. తరవాత పక్కది, దాని పక్కది. బర్మాలో గురువు మాటకి ఎదురు చెప్పడమంటే బుద్ధుడికి ఎదురు చెప్పినంత పని. కో బ సెయిన్ అందరికంటే ఆఖరున, కళ్ళనీళ్ళు తుడుచుకుని ఎత్తాడు.

డస్టరుతో బల్ల మీద కొట్టి, "తీర్మానం వీగిపోయింది" అన్నాను.

సయాజీకి వెళ్ళి చెప్తే కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నీ సంగతి వాళ్ళకి చెప్పలేదా?" అన్నారు. లేదన్నాను. "నీ అంత బుద్ధిలేనివాణ్ణి చూడలేదు" అన్నారు. ఆయన ఫైల్లో ఏం రాశారో నాకు తెలియదు, అడగలేదు. కాలేజీలోంచి తీసేసి నది అవతల తన్లిన్‌లో ఒక హైస్కూలుకి వేశారు, తక్కువ జీతం మీద. అప్పటికి నది మీద వంతెన లేదు. లాంచీలో నది దాటి వెళ్ళి, భూగోళం చెప్పి, లాంచీలోనే తిరిగి వచ్చేవాణ్ణి. అక్కడే రిటైరయ్యాను. పూర్తిగా రోడ్డున పడలేదంటే సయాజీ చలవే అయి ఉండాలి.

ఇదంతా తరవాతి మాట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఏమవుతుందో నాకు తెలియదు. అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏటయింది? ఔనన్నారా?"

"లేదమ్మా. కాదన్నారు."

"నీ మాటే?"

"నా మాటే. అందరూ."

అమ్మ గోడకి చేరగిలబడింది. "కడుపు కొట్టినారు కదరా! ఇన్నాల్లు సదువు సెప్పిన పంతులని కూడా సూడకుండా... ఇప్పుడేటి తింతాం, ఎలగ బతుకుతాం?" అంటూ నా మొహంలోకి చూసి ఆగిపోయింది. "మరెందుకురా అలగ నవ్వుతున్నావు?"

"కాదన్నారమ్మా" అన్నాను మళ్ళీ.